అరేకిస్ ఇంటి కథ: బెనెవెంతో, సలెర్నో గైడు యాత్రపై ఒక సమీక్ష

దక్షిణ ఇటలీలోని కంపానియాకు వెళ్ళే మనవాళ్ళలో చాలామంది నేపుల్స్, పాంపేయి, అమాల్ఫీ తీరం చూసుకుని తిరిగి వచ్చేస్తారు. ఆ దారికి పెద్ద దూరం కాని బెనెవెంతో, సలెర్నో నగరాలను ఒకే రోజులో కలిపి చూపిస్తూ, ఎనిమిదవ శతాబ్దపు లాంబార్డ్ ప్రభువు రెండవ అరేకిస్ జీవితాన్నీ, ఆయన కుటుంబ చరిత్రనూ వివరించే ఒక గైడు యాత్రలో ఇటీవల పాల్గొన్నాను. సేవలోని లోపాలను కూడా చెప్పవలసి ఉన్నందున నిర్వాహకుల పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలాంటి యాత్రను ఎంచుకునేవారు అందులో ఏమి ఆశించవచ్చో, ముందుగా ఏమి అడిగి తెలుసుకోవాలో చెప్పడం ఈ సమీక్ష ఉద్దేశం.

నా అభిప్రాయాన్ని మొదటే చెబుతాను. కట్టడాల చుట్టూ కాకుండా ఒక కుటుంబం చుట్టూ రోజంతటినీ అల్లడం ఈ సేవలోని గొప్ప బలం. ఆ కుటుంబ కథను అరేకిస్ మరణంతోనే ముగించివేయడం దానిలోని పెద్ద లోపం. నాకు తెలిసినంతలో ఆ కథలోని అత్యంత ఆసక్తికరమైన ఘట్టం, ముఖ్యంగా ఆయన భార్య అదెల్పెర్గా పాత్ర, ఆయన కన్నుమూసిన తరువాతే మొదలవుతుంది.

యాత్ర ఉదయం బెనెవెంతోలో మొదలవుతుంది. పది పన్నెండు మందికి మించని బృందం, ఇటాలియన్, ఇంగ్లీషు రెండూ ధారాళంగా మాట్లాడే గైడు, చెవికి పెట్టుకునే చిన్న హెడ్‌సెట్లు, ప్రతి ఒక్కరికీ ఒక వంశవృక్షం ముద్రించిన కాగితం ఇచ్చారు. ప్రవేశ టికెట్లు, రెండు నగరాల మధ్య వ్యాను ప్రయాణం రుసుములోనే కలిసి ఉన్నాయి. భోజనం ఖర్చు మాత్రం మనదే.

మొదటి పావుగంటలో గైడు చెప్పిన నేపథ్యం చక్కగా, క్లుప్తంగా ఉంది. లాంబార్డులు 568లో ఇటలీలోకి ప్రవేశించిన జర్మానిక్ జాతివారు. ఉత్తరాన పవియా వారి రాజధాని కాగా, దక్షిణాన బెనెవెంతో డ్యూకులు, అంటే రాజు కింద ఆ ప్రాంతాన్ని ఏలే ప్రభువులు, రాజు మాటను వీలైనప్పుడు వింటూ, వీలుకానప్పుడు పక్కన పెడుతూ దాదాపు స్వతంత్రంగా పాలించుకునేవారు. 758లో రాజు దెసిదేరియస్ దక్షిణానికి దండెత్తి వచ్చి, ఎదురు తిరిగిన డ్యూక్ లియుత్‌ప్రాండ్‌ను తరిమివేసి, ఆ స్థానంలో అరేకిస్‌ను కూర్చోబెట్టాడు. తన కుమార్తె అదెల్పెర్గాను ఇచ్చి పెళ్ళి చేశాడు. అంటే అరేకిస్ అధికారం మొదటి నుంచీ అత్తవారింటితో ముడిపడినదే. దీన్ని గైడు తొలి నిమిషాల్లోనే స్పష్టంగా చెప్పడం వల్ల ఆ తరువాత చూసిన ప్రతి రాయికీ ఒక అర్థం ఏర్పడింది.

దెసిదేరియస్ కుమార్తెల పెళ్ళిళ్ళను గమనిస్తే ఆ కాలపు యూరప్ రాజకీయమంతా ఒక ఇంటి ముంగిట్లో నిలబడి ఉన్నట్టు కనిపిస్తుంది. ఒక కుమార్తె లియుత్‌పెర్గా బవేరియా డ్యూక్ తాసిలోకు భార్య అయింది. మరొక కుమార్తెను 770లో ఫ్రాంకుల రాజు షార్లమేన్‌కు ఇచ్చారు, కాని ఏడాది తిరిగేసరికి అతడు ఆమెను పుట్టింటికి పంపివేశాడు. ఇంకొక కుమార్తె అన్సెల్పెర్గా బ్రెషాలోని సాన్ సాల్వతోరే కన్యాశ్రమానికి మఠాధిపతి అయింది. ఆ లెక్కన అరేకిస్, తాసిలో, షార్లమేన్ కొంతకాలం తోడల్లుళ్ళు. ఆ ముగ్గురిలో ఒకడు మిగిలిన ఇద్దరినీ లొంగదీశాడు, మామగారి రాజ్యాన్నే ఊడలాక్కున్నాడు. తెలుగు శ్రోతకు ఈ బంధుత్వాలు విడమరచి చెప్పనక్కరలేదు, కాని బృందంలోని ఇతరులకు గైడు ఇదంతా ఒకటికి రెండుసార్లు ఓపికగా వివరించవలసి వచ్చింది.

ఇక్కడ వంశవృక్షం కాగితం గురించి ఒక మాట. ఆలోచన మంచిదే గాని అమలు బాగా లేదు. అక్షరాలు మరీ చిన్నవి, పేర్ల పక్కన సంవత్సరాలు లేవు. ఈ కథలో ఒకే పేరు గలవారు ఎక్కువ. అరేకిస్ పెద్దకొడుకు రోముఆల్డ్ ఉన్నాడు, అంతకు శతాబ్దం ముందు అదే నగరాన్ని ఏలిన డ్యూక్ రోముఆల్డ్ వేరొకడు ఉన్నాడు. అరేకిస్ రెండవ కొడుకు గ్రిమోఆల్డ్ అయితే, అతని తరువాత గద్దెనెక్కినవాడు కూడా గ్రిమోఆల్డే. ఈ కుటుంబానికి ఆప్తుడైన చరిత్రకారుడు డీకన్ పౌల్ సొంత సోదరుడి పేరు సైతం అరేకిసే. సంవత్సరాలు లేని కాగితం చేతిలో పెట్టుకుని ఈ పేర్ల మధ్య దారి వెతుక్కోవడం కష్టం. నిర్వాహకులు ఒక్క పూట శ్రమపడితే సరిదిద్దగలిగిన లోపమిది.

బెనెవెంతోలో ప్రధానంగా చూడవలసింది సాంతా సోఫియా చర్చి. అరేకిస్ పాలన తొలి సంవత్సరాలలో, సుమారు 760 నాటికి, రూపుదిద్దుకున్న ఈ కట్టడం 2011లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి చేరింది. ఇటలీలో లాంబార్డుల అధికార కేంద్రాలుగా గుర్తించిన ఏడు స్థలాలలో ఇదొకటి. బయటి నుంచి చూసేవారికి పెద్దగా ఆకట్టుకోదు. లోపల అడుగు పెట్టాక మాత్రం కాసేపు మాట రాదు. సుమారు 23 మీటర్ల వ్యాసం గల చిన్న చర్చిలో నడుమ ఆరు స్తంభాలు షట్కోణంగా నిలిచి ఉన్నాయి. వాటి చుట్టూ ఎనిమిది చదరపు స్తంభాలు, ద్వారం దగ్గరి రెండు గుండ్రటి స్తంభాలు కలిసి దశకోణాన్ని ఏర్పరుస్తాయి. బయటి గోడ కొంత మేర గుండ్రంగా, కొంత మేర నక్షత్రపు కోణాల్లా లోపలికీ బయటికీ మడతపడుతూ సాగుతుంది. నాలుగడుగులు వేస్తే చాలు, స్తంభాల వరసలు ఒకదాని వెనుకకు మరొకటి జరిగి, మొత్తం చర్చి రూపమే మారిపోయినట్టు తోస్తుంది. నడిమి స్తంభాలు పాత రోమన్ కట్టడాల నుంచి తెచ్చి వాడుకున్నవి.

గైడు ఇక్కడ చేసిన మంచి పని ఏమిటంటే, బృందాన్ని నడుమ నిలబెట్టి ఉపన్యాసం చెప్పకుండా, ముందుగా అందరినీ మౌనంగా ఒక చుట్టు తిరిగి రమ్మని, ఆ తరువాతే మాట్లాడడం మొదలుపెట్టారు. 1688 భూకంపం ఈ చర్చిని తీవ్రంగా దెబ్బతీసింది. ఆపై బెనెవెంతో ఆర్చిబిషప్పుగా ఉన్న కార్డినల్ ఒర్సినీ, తరువాతి కాలంలో పోప్ పదమూడవ బెనెడిక్టు అయినవారు, దీన్ని అలంకారాలు దట్టంగా ఉండే బరోక్ శైలిలో మార్పించారు. ఇరవయ్యవ శతాబ్ది మధ్యలో ఆ మార్పులను తొలగించి పాత నక్షత్రాకారాన్ని తిరిగి తెచ్చారు. కనుక ఇప్పుడు మనకు కనిపించేది ఎనిమిదవ శతాబ్దపు ఆలోచనే అయినా, గోడల్లో కొంత భాగం మన తాతల తరం పునర్నిర్మించినది. ఈ సంగతిని దాచకుండా చెప్పడం గైడు నిజాయితీకి నిదర్శనం.

పక్క అర్ధవృత్తాకారపు గూళ్ళలో మిగిలిన కుడ్యచిత్రాలు తక్కువే అయినా విలువైనవి. ఒకవైపు బైబిలులోని యాజకుడు జెకర్యాకు దేవదూత కనిపించడం, అతడు మాట పడిపోయి జనం ముందు నిలబడడం చిత్రించారు. మరొకవైపు మరియకు దూత శుభవార్త చెప్పడం, మరియ జెకర్యా భార్య ఎలీసబెతును కలుసుకోవడం కనిపిస్తాయి. మరియ, ఎలీసబెతు ఒకరినొకరు హత్తుకునే చిత్రం ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. ఈ చర్చిని ఆనుకుని వెలసిన కన్యాశ్రమాన్ని అరేకిస్ తన సోదరి గరిపెర్గా చేతుల్లో పెట్టాడని మోంతె కస్సీనో మఠపు వృత్తాంతం చెబుతుంది. ఆ సంగతి తెలిశాక ఈ బొమ్మలు ఎవరి కళ్ళ ముందు ఉండేవో ఊహించుకోవచ్చు. గైడు గరిపెర్గా పేరు ఒక్కసారి మాత్రమే ఉచ్చరించి ముందుకు సాగిపోయారు. ఆమెకు మరికొన్ని నిమిషాలు కేటాయించి ఉండవలసింది.

పవిత్ర అవశేషాల విషయంలో మాత్రం గైడు వివరణ లోతుగా సాగింది. 760లో పన్నెండు మంది అమరవీరులైన అన్నదమ్ముల అస్థికలను, తన ఏలుబడిలోని వేర్వేరు ఊళ్ళ నుంచి సేకరించి అరేకిస్ ఈ చర్చికి తెప్పించాడు. 768లో పునీత మెర్కూరియస్ అవశేషాలను తెచ్చి ఇక్కడ ప్రతిష్ఠించాడు. ఊరూరా విడివిడిగా పూజలందుకుంటున్న అన్నదమ్ములను ఒకే గర్భగుడిలోకి చేర్చడమంటే, తన రాజ్యంలోని చెల్లాచెదురు ప్రాంతాలన్నింటినీ తన నగరానికి కట్టివేయడమే. భక్తిని, పాలనను ఆ కాలం విడదీసి చూడలేదని నాకు ఇక్కడ బోధపడింది.

చర్చిని ఆనుకుని పన్నెండవ శతాబ్దపు స్తంభాల వసారా, అందులో సాన్నియో మ్యూజియం ఉన్నాయి. వసారా స్తంభాల తలల మీది చెక్కడాలు ఎంతసేపు చూసినా తనివి తీరవు, కాని అవి అరేకిస్ కాలానికి నాలుగు వందల ఏళ్ళ తరువాతివి కనుక ఇక్కడ వాటిని వర్ణించను. ఈ యాత్రలో నాకు అన్నింటికంటే నచ్చిన అరగంట ఆ వసారాలోనే గడిచింది. అక్కడ కూర్చోబెట్టి గైడు అదెల్పెర్గా గురించి, డీకన్ పౌల్ గురించి చెప్పారు.

పౌల్ ఉత్తరాన ఫ్రియూలీ ప్రాంతపు లాంబార్డ్ కుటుంబంలో పుట్టి, పవియా రాజసభలో చదువుకున్నవాడు. అదెల్పెర్గాకు చదువు చెప్పినవాడు. 763లో లోకం పుట్టుక నుంచి తన కాలం వరకూ యుగాలను లెక్కిస్తూ ఒక లాటిన్ పద్యం రాసి, చరణాల మొదటి అక్షరాలను కలిపి చదివితే పుణ్యవతి అదెల్పెర్గా అని ఆమె పేరే వచ్చేలా కూర్చాడు. తరువాత చదువుకొమ్మని యూట్రోపియస్ రాసిన రోమన్ చరిత్రను ఆమెకు ఇచ్చాడు. ఆమె దాన్ని శ్రద్ధగా చదివి, ఇది మరీ క్లుప్తంగా ఉందని, క్రైస్తవ విషయాల ప్రస్తావనే ఇందులో లేదని చెప్పి, దాన్ని విస్తరించి రాయమని కోరింది. పౌల్ ఆ పది భాగాల గ్రంథంలో అవసరమైన చోట్ల కొత్త విషయాలు చేర్చి, ఆపై మరో ఆరు భాగాలు స్వయంగా రాసి, జస్టీనియన్ చక్రవర్తి కాలం వరకు చరిత్రను తీసుకువచ్చాడు. ఆమెకు రాసిన అంకిత లేఖలో ఆమె భర్తనూ, ముగ్గురు పిల్లలనూ తలచి క్షేమం కోరాడు. మధ్యయుగపు యూరప్‌లో శతాబ్దాల పాటు చదివిన ఒక రోమన్ చరిత్ర గ్రంథం వెనుక, ముగ్గురు పిల్లల తల్లి అయిన ఒక యువతి చేసిన సాహిత్య విమర్శ ఉంది. ఈ విషయాన్ని గైడు ఎంతో ఆప్యాయంగా, తొందర లేకుండా చెప్పారు. ఈ ఒక్క ఘట్టం కోసమైనా యాత్ర రుసుము దండగ కాదని నేను నమ్ముతాను.

బెనెవెంతో పేరు చెప్పగానే వాల్‌నట్ చెట్టు చుట్టూ ఆడే మంత్రగత్తెల కథ ఎదురవుతుంది. దుకాణాలన్నీ ఆ బొమ్మలతోనే నిండి ఉంటాయి. లాంబార్డుల పాత ఆచారాలకు ముడిపెట్టే ఆ కథ ఏడవ శతాబ్దపు డ్యూక్ రోముఆల్డ్ కాలానికి చెందినది, అరేకిస్ కుమారుడికి దానితో సంబంధం లేదు. గైడు దాన్ని రెండు వాక్యాల్లో ముగించి, సమయాన్ని అసలు విషయానికే ఉంచడం నాకు సంతోషం కలిగించింది. అలాగే 114 నాటి ట్రేజన్ తోరణం వద్ద ఆగినప్పుడు, రోమన్ శిల్పాలను వివరిస్తూ కూర్చోకుండా, ఆ తోరణాన్ని లాంబార్డులు తమ నగర ప్రాకారంలో ద్వారంగా కలుపుకున్న తీరును, అరేకిస్ ప్రాకారాన్ని పొడిగించి కొత్త పేటను లోపలికి చేర్చుకున్న సంగతిని చూపించారు.

భోజనం తరువాత వ్యాను సలెర్నోకు బయలుదేరింది. రెండు నగరాల మధ్య దూరం సుమారు 70 కిలోమీటర్లు. ఆ దారిలోనే గైడు 774 నాటి సంఘటనలను చెప్పారు. షార్లమేన్ నెలల తరబడి పవియాను ముట్టడించి, ఆ ఏడాది జూన్‌లో స్వాధీనం చేసుకుని, మామ దెసిదేరియస్‌ను బంధించి ఫ్రాంకుల దేశంలోని మఠానికి పంపి, లాంబార్డుల రాజు బిరుదు తానే ధరించాడు. దెసిదేరియస్ కుమారుడు అదెల్కిస్ కాన్‌స్టాంటినోపుల్‌కు పారిపోయి అక్కడి బైజాంటైన్, అంటే తూర్పు రోమన్, చక్రవర్తి సభలో ఆశ్రయం పొందాడు. దక్షిణాన మిగిలిన అరేకిస్ ఇకపై డ్యూక్ అనిపించుకోవడం మాని ప్రిన్స్ బిరుదు స్వీకరించాడు, బిషప్పుల చేత అభిషేకం చేయించుకుని కిరీటం ధరించాడు, పాత రాజుల ధర్మశాసనాలకు కొనసాగింపుగా 17 సూత్రాలతో తన శాసనాలు ప్రకటించాడు. పవియా పోయింది గాని లాంబార్డుల రాజ్యం పోలేదని చాటడమే ఇదంతా. భార్య తండ్రి ఖైదీగా, భార్య సోదరుడు శరణార్థిగా ఉన్న సమయంలో ఆ ఇంట్లో జరిగిన సంభాషణలు ఎలా ఉండి ఉంటాయో అని నేను దారి పొడవునా ఆలోచిస్తూనే ఉన్నాను. వ్యానులో ఇంజను చప్పుడుకు హెడ్‌సెట్లు సరిగా పని చేయక వెనుక వరుసలో కూర్చున్నవారికి ఇందులో సగం వినిపించలేదు. ఇంత ముఖ్యమైన భాగాన్ని ప్రయాణంలో చెప్పడం పొరపాటు నిర్ణయం. సలెర్నోలో దిగాక చెప్పి ఉంటే బాగుండేది.

సలెర్నోను సముద్రం పక్కన, కొండ అండన బలమైన రెండవ రాజధానిగా తీర్చిదిద్దినవాడు అరేకిస్. పాత నగరపు ఇరుకు వీధుల మధ్య సాన్ పియెత్రో అ కోర్తె అనే కట్టడం ఉంది. అరేకిస్ రాజభవనంలో నేటికి మిగిలిన భాగం ఇదే. దీని గొప్పతనం పొరలలో ఉంది. అట్టడుగున రోమన్ స్నానశాల విశాలమైన గది, దాని మీద ఐదవ శతాబ్దం నుంచి క్రైస్తవుల సమాధులు, ప్రార్థనా స్థలం, ఆ గోడలనే పునాదిగా చేసుకుని పైన అరేకిస్ కట్టించిన రాజభవనపు ప్రార్థన మందిరం ఉన్నాయి. కింది గదిలోకి మెట్లు దిగి తల ఎత్తి చూస్తే, రాజు తన భవనాన్ని ఎవరి గోడల మీద నిలబెట్టుకున్నాడో కళ్ళకు కడుతుంది. గోడల మీద తరువాతి శతాబ్దాల మేరీమాత చిత్రాలు కొన్ని ఇప్పటికీ రంగు కోల్పోలేదు.

పై మందిరంలో ఒకప్పుడు రంగురాళ్ళు, బంగారు పూత గాజు ముక్కలు పొదిగిన అలంకరణ ఉండేది. పౌల్ రచించిన పద్యాలను పాలరాతిలో గాడులు తొలిచి, వాటిలో బంగారు పూత పూసిన కంచు అక్షరాలు బిగించి గోడ మీద నిలిపారు. తవ్వకాల్లో ఆ పాలరాతి ముక్కలు కొన్ని బయటపడ్డాయి. అక్షరాలు పోయాయి, వాటి గుంటలు మిగిలాయి. భార్యకు గురువైన కవి పద్యాలే భర్త రాజభవనపు ప్రార్థన మందిరంలో బంగారు అక్షరాలై మెరిశాయన్న సంగతిని గైడు ఉదయం చెప్పిన కథతో అందంగా కలిపారు. ఉదయం వసారాలో విన్నది ఇక్కడ చూసిన రాతితో జత కలిసిన ఆ క్షణం ఈ సేవ రూపకల్పనలోని నేర్పును చూపిస్తుంది.

అదే చోట పదవ శతాబ్దపు సలెర్నో వృత్తాంతంలోని ఒక కథను కూడా చెప్పారు. షార్లమేన్ దూతలు వచ్చినప్పుడు అరేకిస్ రాజభవనపు మెట్ల మీద బారులుగా మనుషులను నిలబెట్టించాడట. మొదట డేగలను చేతబట్టిన యువకులు, ఆపై ఆటలాడుతున్నవారు, ఆపై జుట్టు నెరిసినవారు, చివరకు చేతికర్ర పట్టుకున్న వృద్ధులు. ప్రతి గుంపు దగ్గరా దూతలు ఆగి, ప్రభువు ఇక్కడున్నాడా అని అడగడం, ఇంకా ముందుకు వెళ్ళండి అని జవాబు రావడం, ఎట్టకేలకు వృద్ధుల నడుమ బంగారు సింహాసనం మీద అరేకిస్ దర్శనమివ్వడం ఆ కథ. ఇది జరిగిన కాలానికి రెండు శతాబ్దాల తరువాత రాసినది కనుక నమ్మకమైన సాక్ష్యం కాదు, కాని సలెర్నో ప్రజల జ్ఞాపకంలో అరేకిస్ ఎలా నిలిచాడో చెప్పడానికి ఇంతకంటే మంచి కథ లేదు. గైడు దీన్ని వింతకథగానే చెప్పారు, చరిత్రగా అమ్మలేదు.

787 నాటి విషాదాన్ని కూడా ఈ మందిరంలోనే విన్నాము. అంతకు ముందటి శీతకాలంలో షార్లమేన్ రోముకు వచ్చినప్పుడు అరేకిస్ తన పెద్దకొడుకు రోముఆల్డ్‌ను కానుకలతో పంపి, దండయాత్ర వద్దని వేడుకున్నాడు. షార్లమేన్ రోముఆల్డ్‌ను తన దగ్గరే ఉంచుకుని దక్షిణాన కపువా నగరం వరకు దండు నడిపించాడు. అరేకిస్ బెనెవెంతోను వదిలి సలెర్నో గోడల వెనుకకు చేరాడు. చివరకు ఏటా 7,000 బంగారు నాణేల కప్పం కట్టేందుకు, మాట తప్పనన్న హామీగా పన్నెండు మంది జామీనుదారులతో పాటు చిన్నకొడుకు గ్రిమోఆల్డ్‌ను పంపేందుకు ఒప్పుకున్నాడు. రోముఆల్డ్ ఇంటికి వచ్చాడు, గ్రిమోఆల్డ్ ఫ్రాంకుల దేశానికి వెళ్ళాడు. అదే సమయంలో అరేకిస్ కాన్‌స్టాంటినోపుల్‌తో రహస్యంగా మంతనాలు సాగిస్తున్నాడని, బైజాంటైన్ చక్రవర్తి ఇచ్చే పత్రీషియన్ అనే గౌరవ బిరుదు, నేపుల్స్ ప్రాంతం, బావమరిది అదెల్కిస్ సైన్య సహాయం ఇస్తే గ్రీకుల వేషధారణ, జుట్టు కత్తిరింపు స్వీకరిస్తానని మాట ఇచ్చాడని పోప్ హాడ్రియన్ తన లేఖలో షార్లమేన్‌కు ఫిర్యాదు చేశాడు. ఆ బిరుదుకు తగిన బంగారు బట్టలు, ఖడ్గం, దువ్వెన, కత్తెర తీసుకుని బైజాంటైన్ దూతలు వచ్చేసరికి ఇంట్లో ఇద్దరూ లేరు. జూలై 21న రోముఆల్డ్, ఆగస్టు 26న అరేకిస్ చనిపోయారు. ఐదు వారాల తేడాతో కొడుకునూ, భర్తనూ పోగొట్టుకున్న అదెల్పెర్గా మరొక కొడుకు గ్రిమోఆల్డ్ శత్రువు చేతిలో జామీనుగా ఉన్నాడు. గైడు కంఠం ఇక్కడ మెత్తబడింది. అరేకిస్ సమాధి కోసం పౌల్ రాసిన స్మృతి పద్యంలోని కొన్ని పంక్తుల భావం చదివి వినిపించి, యాత్రను అక్కడితో ముగించారు.

నా అసంతృప్తి సరిగ్గా ఇక్కడే ఉంది. ఆ కుటుంబ కథను మధ్యలో ఆపడానికి ఇంతకంటే సరిపడని చోటు లేదు. భర్త పోయిన నెలల్లో రాజ్యాన్ని నిలబెట్టినది అదెల్పెర్గా. కొడుకును తిరిగి పంపమని షార్లమేన్‌కు విన్నపాలు పంపుతూనే, బైజాంటైన్ దూతలతో మాట్లాడుతూ, వారికి తుది మాట ఇవ్వకుండా ఆమె కాలం గడిపింది. గ్రిమోఆల్డ్‌ను పంపవద్దని పోప్ హాడ్రియన్ పదేపదే హెచ్చరించాడు. అయినా 788లో షార్లమేన్ అతన్ని షరతులతో విడిచిపెట్టాడు. నాణేల మీద, శాసనాల మీద తన పేరు వేయాలని, లాంబార్డులు గడ్డాలు గీయించుకోవాలని, సలెర్నో, అచెరెంజా, కొంజా నగరాల గోడలు కూల్చివేయాలని అడిగాడు. అదే ఏడాది చివర అదెల్కిస్ బైజాంటైన్ సైన్యంతో తండ్రి రాజ్యాన్ని తిరిగి తెచ్చుకునేందుకు దక్షిణ ఇటలీలో దిగాడు. అతన్ని ఎదిరించి ఓడించిన సైన్యంలో ముందు నిలిచినవాడు సొంత మేనల్లుడు గ్రిమోఆల్డ్. మేనమామ వైపు నిలబడాలా, తనను జామీనుగా ఉంచుకుని విడిచిపెట్టిన రాజు మాట నిలుపుకోవాలా అన్నది ఆ యువకుడు తేల్చుకోవలసి వచ్చింది. అటు సోదరుడు, ఇటు కొడుకు ఉన్న ఆ యుద్ధపు వార్త కోసం ఎదురుచూసిన తల్లి గురించి ఒక్క మాటైనా చెప్పకుండా యాత్ర ముగియడం నాకు మింగుడుపడలేదు. బవేరియాలో తాసిలోను పదవి నుంచి దించివేసి మఠానికి పంపినది కూడా 788లోనే. ఫ్రాంకుల అధికారిక వృత్తాంతం ఆ నెపాన్ని లియుత్‌పెర్గా మీదకు, అంటే అదెల్పెర్గా సోదరి మీదకు నెట్టింది.

గ్రిమోఆల్డ్ ఆ షరతులను ఎక్కువ కాలం పాటించలేదు. బైజాంటైన్ రాజకుటుంబానికి చెందిన కన్యను పెళ్ళాడి, తరువాత ఆమెను పుట్టింటికి పంపివేశాడు. షార్లమేన్ పేరును నాణేల నుంచి తొలగించాడు, అతని కొడుకు పిపిన్‌తో ఏళ్ళ తరబడి పోరాడి, లొంగకుండానే 806లో చనిపోయాడు. అతనికి వారసుడు లేకపోవడంతో రాజభవనపు అధికారి అయిన మరో గ్రిమోఆల్డ్ గద్దెనెక్కాడు. గ్రిమోఆల్డ్ తొలి ఏళ్ళ బంగారు నాణేల మీద ఒకవైపు అతని పేరు, మరొకవైపు షార్లమేన్ పేరు ఉంటాయి, తరువాతి వాటిలో ఆ రెండవ పేరు కనిపించదు. రెండు నాణేల ఫొటోలు పక్కపక్కన ముద్రించి చూపితే, ఆ తల్లీకొడుకుల కథ ఐదు నిమిషాల్లో పూర్తవుతుంది. ఈ సూచనను నిర్వాహకులకు రాసి పంపాను, మర్యాదగా జవాబు కూడా ఇచ్చారు.

సలెర్నో కొండ మీద సుమారు 300 మీటర్ల ఎత్తున అరేకి కోట ఉంది. యాత్రలో ఇది లేదు, కింద నుంచి చూపించి వదిలేశారు. ఆ నిర్ణయాన్ని సమర్థిస్తాను. అరేకిస్ అక్కడి రక్షణను బలపరచిన మాట నిజమే గాని, ఇప్పుడు కనిపించే కోటలో అధిక భాగం తరువాతి పాలకులు కట్టినది. ఆసక్తి ఉన్నవారు మరుసటి రోజు విడిగా వెళ్ళవచ్చు. సముద్రపు అఖాతం మొత్తం అక్కడి నుంచి కనిపిస్తుంది. నగరంలోని ఫుట్‌బాల్ స్టేడియానికి కూడా ఆయన పేరే పెట్టుకున్నారు కనుక, సలెర్నోలో టాక్సీ డ్రైవరుకు అరేకి అని మాత్రమే చెబితే కోటకో స్టేడియానికో స్పష్టం చేయవలసి వస్తుంది.

ఇక వెళ్ళదలచినవారికి అవసరమైన సంగతులు. రెండు పాత నగరాల్లోనూ రాతి పరుపు వీధులే, ఎత్తుపల్లాలు ఎక్కువ, సాన్ పియెత్రో అ కోర్తె కింది గదికి మెట్లు దిగాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దలను తీసుకువెళ్ళేవారు ఈ విషయం ముందే చెప్పి వీలు కనుక్కోవాలి. సాంతా సోఫియా నేటికీ ఆరాధన జరిగే చర్చి, భుజాలు కప్పే దుస్తులు వేసుకోవడం మంచిది. ఆదివారం ప్రార్థన వేళల్లో లోపల తిరిగేందుకు వీలుండదు కనుక వారం మధ్యలో రోజు ఎంచుకోవాలి. మధ్యాహ్నం ఇచ్చిన విరామం చాలినంత ఉంది, శాకాహారులకు పాస్తా, కూరగాయల వంటకాలు సులభంగా దొరికాయి. పదేళ్ళలోపు పిల్లలకు ఇన్ని పేర్లు, ఇన్ని బంధుత్వాలు ఒక రోజుకు భారమవుతాయి. చరిత్ర మీద ఇష్టం ఉన్న హైస్కూలు పిల్లలు మాత్రం మెట్ల మీది దూతల కథను, దువ్వెన కత్తెరల సంగతిని ఆసక్తిగా వింటారు. బుక్ చేసేటప్పుడే వంశవృక్షం కాగితాన్ని ఈమెయిలులో పంపమని అడిగి, పేర్ల పక్కన సంవత్సరాలు మీరే రాసుకుని వెళ్ళండి. 788 తరువాతి కథ కూడా చెప్పమని ముందుగా కోరితే గైడు సంతోషంగా చెబుతారని, యాత్ర ముగిశాక నా ప్రశ్నలకు వారు నిలబడి ఇచ్చిన జవాబులను బట్టి నేను నమ్మకంగా చెప్పగలను.